పదిహేడో నంబరు రిబ్బను

చంద్రిక కారు డిక్కీలో ఎప్పుడూ మోకాళ్ల పైదాకా వచ్చే రబ్బరు బూట్లు, మట్టి తోడే ఇనుప ఆగరు, నేల రంగులు పోల్చుకునే పుస్తకం, గులాబి రంగు ప్లాస్టిక్ రిబ్బను చుట్టలు నాలుగు ఉంటాయి. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకి కూరగాయలకు వెళ్లినప్పుడల్లా బెండకాయల సంచీకి చోటు కోసం ఆ బూట్లను పక్కకు తోయాలి. ఒకసారి గోంగూర కట్టకి బురద అంటుకుంటే కోటేశ్వరరావు, అంటే ఆమె భర్త, "గోంగూరకి మట్టి ఉండటం మామూలే కానీ, ఇది ఏ ఊరి మట్టో నువ్వే చెప్పాలి" అన్నాడు. చంద్రిక నిజంగానే చూసి చెప్పింది.

ఆమెది ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వంలో ఉద్యోగం. చిత్తడి నేలల విభాగం. ఈ మాట చెప్పగానే మనవాళ్ల మొహంలో ఒక జాలి కనిపిస్తుంది. ఇంత దూరం వచ్చి, ఇన్ని పరీక్షలు రాసి, ఆఖరికి గవర్నమెంటు ఉద్యోగమా? అదీ బురదలోనా? పుట్టినరోజు పార్టీల్లో మగవాళ్లు క్లౌడ్ గురించీ గ్రీన్‌కార్డు గురించీ మాట్లాడుకుంటుంటే, ఎవరో ఒకరు చంద్రికని పలకరించడానికన్నట్టు "ఏమ్మా, కప్పలు బాగున్నాయా?" అనేవాళ్లు. పదహారేళ్లుగా అదే జోకు. ఆమె కూడా పదహారేళ్లుగా అదే నవ్వు నవ్వేది.

ఇంతకీ ఆమె పని ఏమిటంటే, గీత చూడటం. ఎవరైనా ఇళ్లు కట్టాలంటే అక్కడ చిత్తడి నేల ఎక్కడ మొదలవుతుందో ముందు తేలాలి. బిల్డరు పెట్టుకున్న కన్సల్టెంటు చెట్లకు వరసగా నంబర్లు వేసిన గులాబి రిబ్బన్లు కడతాడు. రిబ్బన్లన్నీ కలిపితే ఒక గీత. గీతకు అవతల నేల నీళ్లది, ఇవతలది మనుషులది. మధ్యలో యాభై అడుగులు ఎవరిదీ కాదు, ఖాళీగా వదలాలి. ఆ గీత సరిగ్గా ఉందా అని నడిచి, గోతులు తీసి, మట్టి నలిపి చూసి సంతకం పెట్టేది చంద్రిక. కొల్లేరు పక్క ఊళ్లో పుట్టిన మనిషి. సరస్సుకి హద్దుగా గీసిన ఐదో కాంటూరు లోపల ఎవరి చెరువు ఉంది, బయట ఎవరిది ఉంది అని ఊరు ఊరంతా కొట్టుకోవడం చూస్తూ పెరిగింది. నీళ్లకి గీత గీస్తే ఎన్ని కాపురాలు అటూ ఇటూ అవుతాయో ఆమెకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

కరోనా రావడానికి ముందు నవంబరులో, ఎడిసన్‌కి ఇరవై నిమిషాల దూరంలో ఒక పాత సోయా చేను దగ్గర గీత చూడటానికి వెళ్లింది. ఆ ప్రాంతమంతా ఎర్రమట్టి. మామూలుగా చిత్తడి నేల తవ్వితే మట్టి బూడిద రంగులో ఉంటుంది. నీళ్లలో నానీ నానీ ఇనుము కరిగిపోయి రంగు వెలుస్తుంది. ఎర్రమట్టి మాత్రం మొండిది, ఏడాదికి నాలుగు నెలలు నానినా రంగు వదలదు, పొడినేలలాగే కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక గుర్తుంది. మట్టిలో ఆవగింజలంత నల్లటి పలుకులు. అవి కనిపిస్తే, మంచు కరిగే మార్చిలో మళ్లీ వచ్చి అక్కడే గొయ్యి తీసి, నీళ్లు ఊరతాయేమో చూడాలి.

పదిహేడో నంబరు రిబ్బను ఒక మేపుల్ చెట్టుకి కట్టి ఉంది. పక్కన తీసిన గోతిలో మట్టి ఎర్రగా, ఆరిపోయి ఉంది. చంద్రిక ఒక ముద్ద తీసి బొటనవేలితో నలిపింది. రెండు మూడు నల్లటి చుక్కలు. పలుకులా, కుళ్లిన వేరు ముక్కలా? కన్సల్టెంటు వాల్టర్ పక్కనే నిలబడి చేతులు రుద్దుకుంటూ గడియారం చూసుకుంటున్నాడు. చలి ఎముకలు కొరుకుతోంది. ఆమె నోటుబుక్కు తీసి రాసుకుంది.

ఇక్కడ ఆమె అలవాటు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కన్సల్టెంటు ఆమె భుజం మీంచి నోటుబుక్కు చదివేసి, ఆమె ఇంకా ఒక నిర్ణయానికి రాకముందే వాదనకి దిగాడు. అప్పట్నుంచి కొలతలు ఇంగ్లీషులో, అనుమానాలు తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టింది. నోటుబుక్కు పేజీలన్నీ స్కాన్ చేసి ఫైల్లో పెట్టాలన్నది ఆఫీసు నియమం. పెట్టేది. పదహారేళ్లలో ఆ గుండ్రటి అక్షరాలేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ రోజు రాసింది ఇంతే: "17 దగ్గర నల్ల పలుకులా? అనుమానం. మార్చిలో మళ్లీ చూడాలి."

మార్చి వచ్చింది. దానితోపాటు లాక్‌డౌనూ వచ్చింది. ఎవరూ బయటికి వెళ్లకూడదన్నారు. విభాగంలో ఐదుగురు ఉండాల్సిన చోట ముగ్గురే ఉన్నారు. బిల్డరు లాయరు వారానికి మూడు ఈమెయిళ్లు పెట్టేవాడు, గడువు దాటుతోందని. చంద్రిక భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ ఫైలు తెరిచింది. పదహారు సరిగ్గా ఉంది, పద్దెనిమిది సరిగ్గా ఉంది, మధ్యలో పదిహేడు ఎక్కడికి పోతుందిలే అనుకుంది. సంతకం పెట్టేసింది. మర్చిపోయి పెట్టిందా అంటే కాదు. మర్చిపోయి ఉంటే ఈ కథే లేదు.

రెండేళ్లకి ఆ చేలో ఇళ్లు లేచాయి. కాలనీ పేరు హెరాన్ హాలో. కొంగల్ని తరిమేసి, ఆ జాగాకి కొంగ పేరు పెట్టడం ఇక్కడి బిల్డర్ల మర్యాద. ఆ కాలనీలో ఇల్లు చూశామని చెప్పడానికి ఉమ, తేజేశ్వర్ ఒక ఆదివారం చంద్రిక ఇంటికి వచ్చారు. వాళ్లది హన్మకొండ. తేజేశ్వర్ హెచ్-వన్ మీద ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాసేవాడు. ఉమ అతని వీసాని బట్టి వచ్చే హెచ్-ఫోర్ మీద ఇంట్లో ఉండేది. ఏడేళ్ల కూతురు నైనిక. ఆ పిల్ల చంద్రికని మడ్ ఆంటీ అనేది. శనివారాల్లో చంద్రిక దాన్ని వాగుల వెంట తిప్పేది. నీళ్లు తాగే మట్టి గుడ్ మడ్ అనీ, తాగకుండా తోసేసేది బ్యాడ్ మడ్ అనీ నేర్పింది.

"అక్కా, రెండు లాట్లు మిగిలినయ్," అన్నాడు తేజేశ్వర్. "తొమ్మిదో నంబరు మీదికున్నది. పద్నాలుగు జర పల్లంల ఉన్నట్టు కొడుతుంది నాకు. ఉమకేమో పద్నాలుగే గావాలె."

"సిద్ధాంతి గారు వీడియో కాల్‌ల చూసిన్రు అక్కా," అంది ఉమ. "ఈశాన్యం పల్లం, ఈశాన్యంల చెరువు. అసొంటిది లక్షల ఒకటి దొరుకుతదన్నరు. ఈయనకేమో భయం. మీరు చెప్పున్రి. మీ ఆఫీసుల్నే గద ఇవన్నీ చూసేది?"

ఈశాన్యాన ఉన్న ఆ చెరువు వాననీళ్లు నిలవడానికి బిల్డరు తవ్వింది. దాని వెనకే చంద్రిక చూసిన గీత. గీత మీద పదిహేడో నంబరు. సొంతవాళ్లకి ఇలాంటి సలహాలు ఇవ్వకూడదని ఆఫీసులో ఏటా ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. "నేను చెప్పకూడదమ్మా" అంటే సరిపోయేది. కానీ పదహారేళ్లలో మొదటిసారి ఒకరు కప్పల గురించి కాకుండా ఆమె పని గురించి అడిగారు. కోటేశ్వరరావు కూడా టీవీ ఆపి వింటున్నాడు. చంద్రిక మనసులో ఆవగింజంత అనుమానం కదిలింది. దాని మీద గర్వం కూర్చుంది.

"ఆ లైన్ నేనే నడిచి చూశాను తేజా," అంది. "గీతకీ మీ గోడకీ మధ్య యాభై అడుగుల ఖాళీ ఉంటుంది. నిశ్చింతగా తీసుకోండి."

"అక్క చెప్పినంక ఇంకేముంది," అని తేజేశ్వర్ నవ్వాడు. ఆ నవ్వులో ఓడిపోయిన బాధేమీ లేదు, బరువు దిగిన సంతోషమే ఉంది.

గృహప్రవేశం రోజు ఎలక్ట్రిక్ పొయ్యి మీద పాలు పొంగించి, ఉమ చంద్రికకి పట్టుచీర పెట్టింది. వచ్చిన వాళ్లందరికీ "అక్క చెప్తెనే కొన్నం ఈ ఇల్లు" అని పేరుపేరునా చెప్పింది. కప్పల జోకులు వేసే వాళ్లు కూడా ఆ రోజు "మా బావమరిది ఒక లాట్ చూశాడమ్మా, కొంచెం..." అంటూ దగ్గరికి వచ్చారు. చంద్రికకి చాలా సంతోషమేసింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు ఆమెకి ఒళ్లు కంపరమెత్తుతుంది.

మరో రెండేళ్లు గడిచాయి. ఆగస్టు చివర ఒక గురువారం మధ్యాహ్నం చంద్రిక ఒక ఊరి లైబ్రరీలో ప్రసంగం ఇచ్చింది. మారుతున్న వాతావరణాన్ని ఊళ్లు ఎలా తట్టుకోవాలన్నది విషయం. రాష్ట్ర ప్రభుత్వం ఆ పని కూడా ఆమె నెత్తినే పెట్టింది. పదకొండు మంది వచ్చారు, అందులో నలుగురు కుకీల కోసం. వానలు పాత లెక్కల్లో లేవనీ, చిత్తడి నేల ఊరికి స్పాంజి లాంటిదనీ, దాని మీద ఇల్లు కడితే నీళ్లు ఆ ఇంటినే వెతుక్కుంటూ వస్తాయనీ చెప్పింది. బయటికి వచ్చేసరికి మబ్బు కమ్మింది.

సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఏడు అంగుళాల వాన పడింది. ఆ తర్వాత జరిగింది ఉమ చెప్పగా తెలిసిందే. కరెంటు పోయింది. బేస్‌మెంటులో నీళ్లు తోడే పంపు ఆగిపోయింది. ముగ్గురూ పైన వంటింట్లో ఉన్నారు, క్షేమంగా. అప్పుడు తేజేశ్వర్‌కి ఫైలు గుర్తొచ్చింది.

ఆ ఫైలు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పాస్‌పోర్టులు, వీసా అప్రూవల్ కాగితాలు, చదువుకని వచ్చిన ఐ-ట్వంటీ నాటి నుంచి ఒక్కటి పోకుండా దాచిన ఒరిజినళ్లు. ఇల్లు తగలబడితే మనవాళ్లు నగలకంటే ముందు దాన్ని పట్టుకుని బయటికి ఉరుకుతారు. ఈ దేశంలో ఉన్నామనడానికి మనకున్న ఆధారం అదొక్కటే గదా. తేజేశ్వర్ ఆఫీసు గది బేస్‌మెంటులో, ఫైలు ఆ గది బీరువాలో. మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, ఫైలు తీసి, మెట్ల మీద నిలబడ్డ ఉమ చేతికి విసిరాడు. "పట్టుకో, ల్యాప్‌టాప్ తెస్తా" అన్నాడు. ఈశాన్యం వైపు కిటికీ అప్పుడే పగిలింది. చెరువు, దాని వెనక నేల, మొత్తం లోపలికి వచ్చాయి. గది నిండటానికి నిమిషం కూడా పట్టలేదని తర్వాత వచ్చిన ఫైర్ వాళ్లు చెప్పారు.

ఫైలు తడవలేదు. జిప్ కవరులో ఉన్న కాగితాలన్నీ పొడిగా, భద్రంగా ఉన్నాయి. ఏ మనిషి పేరు మీద వచ్చాయో ఆ మనిషే లేడు. అతను లేకపోతే ఉమ హెచ్-ఫోర్ కూడా లేదు. వీసా లాయరు ఏదో అప్లికేషన్ పెట్టి, విజిటర్‌గా మార్పించి, నైనిక స్కూలు అయ్యే జూన్ దాకా ఉండే వీలు చూశాడు. అంతే.

దహనం రోజు ఎవరో "అసలు అంత లోతట్టులో ఎందుకు కొన్నారమ్మా" అన్నారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన ఉమ ఆ మాటకి తల ఎత్తింది. "అది గవర్నమెంటు చూసిన జాగ. అక్క స్వయంగ చూసింది. అక్క తప్పేం లేదు" అంది. ఎవరూ చంద్రిక తప్పని అననే లేదు. ఆ మాట విని చంద్రిక బయటికి వెళ్లి కారులో కూర్చుంది.

చలికాలమంతా వారానికి రెండుసార్లు ఆ ఇంటికి అన్నం తీసుకెళ్లింది. పప్పు ఒక స్టీలు డబ్బాలో, కూర ఒకదాంట్లో, నైనికకి పెరుగన్నం చిన్నదాంట్లో. బేస్‌మెంటు తలుపు మీద చెక్క కొట్టేశారు. ఉమ పై అంతస్తులోనే ఉండేది. అంత దుఃఖంలోనూ ఆమె ఏనాడూ డబ్బాలు ఖాళీగా తిరిగి ఇవ్వలేదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదార వేసి మూత పెట్టేది. ఖాళీ గిన్నె ఇస్తే వచ్చిపోయే బంధం తెగుతుందని వాళ్లమ్మ చెప్పిందట. చంద్రిక ఇంటికెళ్లి ఆ పంచదార పలుకులు నోట్లో వేసుకుని, సింకు దగ్గర నిలబడి ఏడ్చేది. చెప్పాలని ప్రతిసారీ అనుకునేది. ప్రతిసారీ కూర వేడి చేసిపెట్టి వచ్చేసేది.

ఉమ ఒక్కోసారి ఏ సంబంధం లేకుండా "ఈశాన్యం, ఈశాన్యం అన్న గదక్కా నేను" అని ఆగిపోయేది. "ఊరుకో ఉమా" అనేది చంద్రిక. అంతకుమించి అనేది కాదు.

మార్చిలో హెరాన్ హాలో గీత ఫైలు తిరిగి ఆమె బల్ల మీదికే వచ్చింది. గీత మీద ఇచ్చిన ఉత్తరువు ఐదేళ్లే చెల్లుతుంది. బిల్డరు ఇంకో ఐదేళ్లకి పొడిగించమని అడిగాడు. రెండో విడతలో పంతొమ్మిది ఇళ్లు, అదే గీత వెంట, అదే చెరువు పక్కన. పై అధికారిణి డెనిస్ మంచి మనిషే, పని భారంతో సగమైపోయిన మనిషి. "మారిందేమీ లేదు కదా చంద్రికా, రొటీనే. శుక్రవారానికి పంపేద్దామా?" అంది.

చంద్రిక స్కాన్ చేసిన పాత పేజీ తెరిచింది. తన చేతిరాతే. ఐదేళ్లుగా రాష్ట్ర ప్రభుత్వ రికార్డుల్లో, ఎవరైనా చూడొచ్చన్నంత బాహాటంగా ఉంది. ఆ ఆఫీసులో దాన్ని చదవగలిగింది ఆమె ఒక్కతే.

ఇంటికొచ్చి కోటేశ్వరరావుకి చూపించింది. అతను కళ్లజోడు పైకి ఎత్తి రెండుసార్లు చదివాడు.

"ఇది ఎవడు చదువుతాడు?" అన్నాడు. "మీ ఆఫీసులో తెలుగొచ్చినవాడు ఎవడున్నాడు? పొడిగించకపోతే పొడిగించొద్దు, ఏదో ఒక వంక పెట్టు. కావాలంటే సెలవు పెట్టు, వేరేవాళ్లు చూసుకుంటారు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు, నువ్వు కొలతలు చూసుకుని మరీ తవ్వుకుంటున్నావు."

"సెలవు పెడితే వేరేవాళ్లు సంతకం పెడతారండీ. పంతొమ్మిది ఇళ్లు."

"పెట్టనీ. పోయినవాడు తిరిగొస్తాడా?"

"రాడు."

"ఉద్యోగం పోతుంది. బిల్డరు లాయర్లు నిన్ను పీక్కుతింటారు. అవన్నీ సరే," అని అతను గొంతు తగ్గించాడు, "ఉమకి తెలిస్తే?"

చంద్రిక ఆ పేజీని తిరిగి తన వైపు లాక్కుంది. కోటేశ్వరరావు చెడ్డవాడేం కాదు. పెళ్లాన్ని కాపాడుకోవాలనుకున్నాడు, అంతే. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఈ వ్యవహారంలో దేవుడి దాకా వెళ్లనక్కర్లేదు. పల్లమూ తెలిసింది, నిజమూ తెలిసింది చంద్రికకే.

కానీ కాగితం మీది అనుమానం అనుమానమే. మళ్లీ తవ్వి చూస్తేనే రుజువు. ఏప్రిల్ మొదటి శనివారం పొద్దున ఉమకి ఫోన్ చేసి, వెనక పెరట్లో చిన్న గొయ్యి తీసుకోవచ్చా అని అడిగింది. "తీసుకోన్రి అక్కా, ఇల్లు ఎట్లాగూ బ్యాంకోళ్లకే పోతుంది," అంది ఉమ. ఎందుకని కూడా అడగలేదు.

మేపుల్ చెట్టుని ఎప్పుడో కొట్టేశారు. దాని మొదలు చెరువు గట్టు కింద ఎక్కడో ఉండాలి. చంద్రిక ఇంటి గోడకి పదడుగుల ఇవతల, పచ్చిక మీద ఆగరు దించింది. మొదటి తోడు ఎర్రమట్టి, రెండోది కూడా ఎర్రమట్టే. మూడోది అరచేతిలో పెట్టుకుని నలిపితే ఒకటి కాదు, రెండు కాదు, తాలింపులో ఆవాల్లా నల్లటి పలుకులు. వేళ్ల మధ్య కరకరలాడాయి. గోతి అడుగున తడి మెరిసింది. చూస్తుండగానే నీళ్లు ఊరి, పచ్చికకి జానెడు కిందిదాకా వచ్చి నిలబడ్డాయి.

నైనిక రెయిన్ బూట్లు వేసుకుని పరుగెత్తుకొచ్చింది. తొమ్మిదేళ్లు దాటాయి. గోతిలోకి తొంగి చూసి, "మడ్ ఆంటీ, ఇది గుడ్ మడ్డా, బ్యాడ్ మడ్డా?" అంది.

చంద్రికకి అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది.

"గుడ్ మడ్డే నాన్నా. ఇల్లే ఉండకూడని చోట ఉంది."

పిల్ల లోపలికి పరుగెత్తింది. అద్దాల తలుపు తెరిచే ఉంది. "మమ్మీ, మడ్ ఆంటీ మన హౌస్ రాంగ్ ప్లేస్‌లో ఉంది అంటుంది!" అన్న కేక పెరట్లోకి స్పష్టంగా వినిపించింది. అట్టపెట్టెలకి అంటించే టేపు చేతిలో పట్టుకునే ఉమ బయటికి వచ్చింది.

"ఏందక్కా?"

చంద్రిక వెంట తెచ్చుకున్న పాత నోటుబుక్కు తెరిచి ఆ పేజీ ఆమె చేతిలో పెట్టింది. ఉమ పైకే చదివింది, బడిపిల్ల పాఠం చదివినట్టు, ఒక్కో మాటా విడదీసి. తర్వాత పైనున్న తేదీ చూసింది.

"ఇది మేం ఇల్లు కొనకముందా?"

"రెండున్నరేళ్ల ముందు."

"మరి మార్చిల చూసిన్రా?"

"లేదు."

"తేజ మీ ఇంట్ల కూసొని అడిగిననాడు... ఇది మీకు యాదికుండెనా?"

అక్కడ అబద్ధం చెప్పడానికి ఒక సందు ఉంది. ఎన్నో ఫైళ్లు, ఎన్నో గోతులు, ఎవరికి గుర్తుంటుంది? చంద్రికకి ఆ సందు కనిపించింది కూడా.

"ఉంది ఉమా."

ఉమ ఏడవలేదు. గోతిలో నిలిచిన నీళ్లని చూస్తూ నిలబడింది. మాట్లాడినప్పుడు గొంతు చాలా మామూలుగా ఉంది.

"ఆయన తొమ్మిదే తీసుకుందామన్నడు. మీ మాట అడ్డం పెట్టి నేనే కొట్లాడిన. ఏడు నెలల సంది నేనే సంపుకున్ననని అనుకుంటున్న అక్కా. ఈశాన్యం ఈశాన్యమని పట్టువట్టి, పిల్ల తండ్రిని నేనే మింగిననని. మీ ముంగట గూడ అన్న. మీరు అన్నం తెచ్చిన్రు, నా తల దువ్విన్రు, ఊరుకో అన్నరు. నీ తప్పు గాదని ఒక్కమాట... ఒక్కపారి గూడ అనలే."

గీత తప్పు పెట్టడం ఒక తప్పు. తప్పు సలహా చెప్పడం ఇంకోటి. ఈ మూడోదాన్ని చంద్రిక ఏనాడూ తన తప్పుల్లో కలుపుకోనే లేదు. ఏడు నెలలు అన్నం మోసి, ఇంకొకరి నెత్తిన తన పాపం పెట్టి చూస్తూ కూర్చుంది. ఆ సంగతి ఆమెకి ఇప్పుడే అర్థమైంది.

ఉమ నోటుబుక్కు మూసి ఆమె చేతిలో పెట్టింది.

"రాయున్రి," అంది. "ఈసారి తెలుగుల గాదు. అందరికి సమజయ్యేటట్టు రాయున్రి." నైనికని పిలిచి లోపలికి తీసుకుపోయి తలుపు మూసింది.

చంద్రిక సోమవారం రాసింది. రెండు పేజీలు, ఇంగ్లీషులో. గొయ్యి ఎక్కడ తీసిందో, ఎంత లోతులో నీళ్లు ఊరాయో, ఐదేళ్ల కింద తను ఏం చూసి, ఏం రాసుకుని, ఏం చేయలేదో. తెలుగు పేజీ పక్కన దాని అనువాదం పెట్టింది. ఆ ఇంటివాళ్లకి తను ఇచ్చిన సలహా సంగతీ దాచలేదు. డెనిస్ అది చదివి, తలుపు మూసి, "ఇది నేను చదవలేదనుకోనా?" అని అడిగింది. వద్దంది చంద్రిక.

పొడిగింపు ఇవ్వలేదు. పాత ఉత్తరువు రద్దయింది. పంతొమ్మిది ఇళ్లు ఆగాయి. బిల్డరు కోర్టుకెళ్లాడు, అది ఇంకా నడుస్తోంది. చంద్రిక మీద విచారణ వేశారు. తేలేదాకా బయటి పనులకి పంపబోమన్నారు, కానీ అంతకుముందు కొత్త గీత గీయడానికి ఆ నేల తెలిసిన మనిషి ఇంకెవరూ లేరు కాబట్టి ఒక్కరోజు వెళ్లనిచ్చారు. జూన్ ఇరవై ఆరు. తోడుగా వేరే ఆఫీసు నుంచి ఒక సర్వేయరు వచ్చాడు.

ఉమా, నైనికా అప్పటికి మూడు రోజుల కిందట వెళ్లిపోయారు. ఆ ఏప్రిల్ శనివారం తర్వాత ఉమ ఫోన్ ఎత్తలేదు. గుమ్మం ముందు దించి వచ్చిన అన్నం డబ్బాలు లోపలికైతే తీసుకుంది, తిరిగి మాత్రం ఇవ్వలేదు. ఎయిర్‌పోర్టుకి ఎవరు తీసుకెళ్లారో కూడా చంద్రికకి తెలియదు.

పొద్దున్నుంచీ గోతులు తీస్తూ, రిబ్బన్లు కడుతూ వచ్చారు. పద్నాలుగు, పదిహేను, పదహారు నంబర్లకి చెట్లు దొరికాయి. పదిహేడు దగ్గరికి వచ్చేసరికి గీత చెరువు దాటింది, పచ్చిక దాటింది, ఇల్లు కూడా దాటింది. సర్వేయరు తన పరికరం చూసుకుని, తల ఊపి, ముందు వరండా వైపు చెయ్యి చూపించాడు. ఇల్లంతా, ఈశాన్యం నుంచి నైరుతి దాకా, నీళ్ల వైపే పడింది.

రిబ్బను కట్టడానికి అక్కడ చెట్టేదీ లేదు, వరండా స్తంభం ఒక్కటే ఉంది. చంద్రిక మెట్లెక్కింది. స్తంభం మొదట్లో ఒక గుడ్డసంచీ కనిపించింది. తెలిసిన సంచీయే, ఓక్ ట్రీ రోడ్డు చీరల షాపుది, గృహప్రవేశం నాడు ఉమ పెట్టిన చీరతో పాటు వచ్చి, తర్వాత అన్నం మోయడానికి పనికొచ్చింది. లోపల తన స్టీలు డబ్బాలు, ఏడు. మెరిసేలా తోమి, తుడిచి, మూతలు పెట్టి ఉన్నాయి.

చంద్రిక మొదటి డబ్బా మూత తీసింది. తర్వాత రెండోది. సర్వేయరు కింద ఓపిగ్గా నిలబడ్డాడు. నైనిక పెరుగన్నం డబ్బాతో సహా ఏడూ తీసి చూసింది. అడుగున వేలుపెట్టి తడిమింది కూడా. దేంట్లోనూ ఒక్క పంచదార పలుకు లేదు.

మూతలన్నీ మళ్లీ పెట్టి, సంచీ పక్కన పెట్టుకుంది. మార్కరు తీసి రిబ్బను మీద పదిహేడు అని వేసి, స్తంభానికి రెండు ముళ్లు వేసి కట్టింది. పద్దెనిమిదో నంబరు ఎక్కడని సర్వేయరు కింద నుంచి అడిగాడు.